ముందు పోయిన సంచి

రేణుక మొదటిసారి మా ఆఫీసుకు వచ్చినప్పుడు నమస్కారం కూడా పెట్టలేదు. చేతిలోని కాగితాలు నా టేబుల్ మీద పడేసి, కుర్చీ లాక్కుని కూర్చుంది.

"ఇది మాల్దీవుల ప్లానా, షిర్డీ ప్లానా?"

"మాల్దీవులదే."

"తెల్లారుజామున మూడుకు లేపుతాము, నాలుగుకు వేడినీళ్ళు, అయిదుకు టిఫిన్ అని రాసినారు. ప్రైవేట్ ఐలాండ్‌లో మూడుకు లేచి ఏం చేయాల? దర్శనం క్యూలో నిలబడాల్నా?"

నేను ఆదోని బస్టాండు పక్కన ట్రావెల్స్ నడుపుతాను. షిర్డీ, తిరుపతి, కాశీ. నా దగ్గర ఒకటే ప్లాను, ఊరి పేరు మార్చుకుంటూ పోతాను. ఇన్నేళ్ళలో ఎవరూ తప్పు పట్టలేదు. ఈమె పట్టింది. పట్టిన తప్పు నిజమే కావడంతో నాకు ఇంకా ఒళ్ళు మండింది.

"మీరెవరు?" అన్నాను.

"బసవన్న సావుకారి పత్తి జిన్నింగ్ మిల్లులో అకౌంట్స్ చూస్తాను. పేరు రేణుక. ఎమ్మిగనూరు నుంచి దినామూ బస్సులో వస్తాను. ఈ ట్రిప్పు సంగతి మీతో మాట్లాడేది ఇంక నేనే. ఇంకో ప్లాన్ రాయండి."

మా ఆఫీసుకు వచ్చిన ప్రతి ఆడపిల్లా 'అన్నా' అనే మొదలుపెడుతుంది. ఈమె అనలేదు. ఆ రోజు దాన్ని పొగరు అనుకున్నాను. తర్వాత చాలా రోజులు నాకు మిగిలిన ధైర్యం అదొక్కటే.

సావుకారికి దీవి పిచ్చి ఏమీ లేదు. అడిగింది ఆయన తల్లి హులిగమ్మ అవ్వ. అవ్వ పుట్టింది ఆలూరు పక్కన ఒక మెట్ట పల్లెలో. చిన్నప్పుడంతా ఆమె పని నీళ్ళు మోయడం, బావి దగ్గర వంతు కోసం కొట్లాడటం. ఆ మధ్య మనవడు ఫోన్లో ఏదో దీవి వీడియో చూపిస్తే, అవ్వ దాన్ని మళ్ళీ మళ్ళీ పెట్టించుకుని చూసి, "నాలుగు దిక్కులా నీళ్ళు. బిందె పట్టుకొని ఒక్కరూ ల్యారు. నన్నాడికి పిల్సకపో నాయనా," అందట. కొడుకును ఆమె నోరు తెరిచి ఏదైనా అడగడం అదే మొదలు. ఇంటిల్లిపాదీ కలిసి పోవాలని సావుకారి అప్పుడే నిర్ణయించేశాడు.

ఆ తర్వాత రేణుక రోజూ మధ్యాహ్నం మిల్లులో అన్నం తిని మా ఆఫీసుకు వచ్చేది. నాకు దీవులు తెలియవు, ఆమెకు ప్రయాణాలు తెలియవు. ఇద్దరం నేర్చుకుంటూ కొట్లాడుకున్నాం.

"నీళ్ళ మీద విల్లా బాగుంది కదా, అదే తీసుకుందాం," అన్నాను.

"అవ్వను అడిగినా. కింద నీళ్ళు, పైన మంచం, నిద్దట్లో పొర్లితే నన్నెవరు తీస్తారు అంటాంది. ఇసుక మీదుండే విల్లా చూడండి."

"సరే. హైదరాబాదులో ఫ్లైట్ ఎక్కితే సాయంత్రానికి వాళ్ళ రాజధాని మాలే. అక్కణ్ణుంచి నీళ్ళ మీద దిగే సీప్లేన్‌లో దీవికి."

"సాయంత్రం దాటితే సీప్లేన్ ఎగరదంట. నేను మెయిల్ పెట్టి అడిగినా. ఆ రాత్రికి మాలేలోనే రూములు తీయాల."

"అది నాకు తెలుసు."

"తెలిస్తే ప్లాన్‌లో ఏది?"

లేదు. అందుకే టీ తెప్పించాను.

జొన్నరొట్టె లేకపోతే అవ్వకు ముద్ద దిగదు. దీవిలోని వంటాయనకు రేణుక మెయిల్ రాసింది. జొన్నలంటే ఏమిటని ఆయన తిరిగి అడిగాడు. రేణుక వాళ్ళ అమ్మ రొట్టె తడుతుంటే వీడియో తీసి పంపింది. పిండి మీరు తెస్తే నేను చేస్తాను, అయితే ఆ చప్పుడు మాత్రం నాకు రాదు అని ఆయన జవాబు రాశాడు. ఆ మెయిల్ చదివి ఇద్దరం నవ్వాం. సీప్లేన్‌లో ఒక్కొక్కరికి ఇంత బరువని లెక్క ఉంటుంది. జొన్నపిండిని ఎవరెవరి సామాన్లలో ఎంతెంత సర్దాలో ఆమె కాగితం మీద లెక్క వేస్తోంది. జారిన జుట్టును పెన్నుతోనే చెవి వెనక్కి తోసుకుంది. నాకు రేణుక అంటే ఇష్టం పుట్టింది అక్కడే, పిండి బరువుల దగ్గర.

చెబుదామనుకున్నాను. ఈలోగా ఆమే చెప్పింది.

"సావుకారి వాళ్ళు శనివారం తిరిగొస్తారు కదా. ఆ మర్సటి దినం, ఆదివారం, బళ్లారి నుంచి నన్ను చూసేకి వస్తాండారు. శనివారం లోపల పనంతా అయిపోవాల."

"అయిపోతుంది," అన్నాను. పని అయిపోతే ఆమె మా ఆఫీసుకు రావడానికి కారణమే ఉండదు. నాకున్న గడువు ఆ ఆదివారం.

టికెట్లు చేతికొచ్చాక సావుకారి స్వయంగా ఆఫీసుకు వచ్చాడు. వెనకే రేణుక. ఇద్దరి మొహాలూ బాగాలేవు.

"ఏమప్పా తిరుపాలూ, పైనం మంగళవారం పెట్టినావు. ఆ దినం అమాస. అమాస నాడు నేను గడప దాటను అంటాది మా యమ్మ. నువ్వు కేలండర్ సూడల్యా?"

"చూసినాను సార్. ఇంగ్లీషుది."

నిజానికి పంచాంగం చూసే అవసరం నాకెప్పుడూ రాలేదు. షిర్డీ పోయేవాళ్ళు మంచిరోజు వాళ్ళే చూసుకుని వచ్చి, ఆ తేదీ చెప్పి టికెట్ అడుగుతారు. దీవికి మాత్రం విల్లాలన్నీ ఒకేసారి ఖాళీగా దొరికింది ఆ వారమే. తేదీ మార్చడం కుదరదు. మంగళవారం, అందులోనూ అమావాస్య. అవ్వ రాకపోతే ఈ ట్రిప్పుకు అర్థమే లేదు.

"సార్, మంచి గడియలో అవ్వ సంచి ముందు బయటపెడదాం," అంది రేణుక.

సావుకారి మొహం విప్పారింది. మా వైపు పాతవాళ్ళు చేసే పనే అది. పోవాల్సిన రోజు మంచిది కాకపోతే, అంతకుముందే ఒక మంచి గడియలో మనిషి సంచిని ఇంట్లోంచి తీసుకెళ్ళి, పోయే దారిలో తెలిసినవాళ్ళ ఇంట్లో పెడతారు. సంచి గడప దాటిందంటే మనిషి ప్రయాణం మొదలైనట్టే. తర్వాత ఏ రోజు బయలుదేరినా దోషం లేదు, దారిలో ఆగి సంచి తీసుకుని పోవడమే.

హైదరాబాదు దారి ఎమ్మిగనూరు మీదుగానే. సంచి రేణుక వాళ్ళ ఇంట్లో పెట్టడానికి అవ్వ ఒప్పుకుంది. బేస్తవారం దశమి, పొద్దున్నే సంచి నా చేతిలో పెట్టింది.

"దోవలో యాడా కింద పెట్టగాకప్పా. వాళ్ళింట్లో పెట్టేదాకా నీ సేతిలోనే ఉండాల."

మిల్లుకు వచ్చిన రేణుక నాతోపాటే మళ్ళీ ఎమ్మిగనూరు బస్సెక్కింది. సంచి నా ఒళ్ళో. కండక్టర్ సంచి పైన పెట్టమన్నాడు. అది పైనా పెట్టకూడదు, కిందా పెట్టకూడదు అని రేణుక ఆయనకు వివరించింది. బయట మబ్బు పట్టింది. వాన మాత్రం రాలేదు, మా వైపు దానికి అలవాటే.

"బళ్లారి వాళ్ళ గురించి ఏమీ అడగవేం?" అంది రేణుక ఉన్నట్టుండి.

'అడగరేం' అనలేదు, 'అడగవేం' అంది. సంచిని ఇంకా గట్టిగా పట్టుకున్నాను.

"ఏం అడగాల?"

ఆమె కిటికీ వైపు తిరిగింది. ఊరు వచ్చేదాకా ఇటు చూడలేదు. సంచిని కింద పెట్టకూడదు కాబట్టి నా తల నేను కొట్టుకోలేకపోయాను.

రేణుక నాన్న తిమ్మన్న మగ్గం నేస్తాడు. మగ్గం దిగి వచ్చి, చేతులు కడుక్కుని, సంచి అందుకుని గోడ గూట్లో పెట్టాడు. "మూట బయటికొచ్చినంక పైనం ఆపకూడదు. మళ్ళా ఎనక్కి ఇంటికి తీసకపోకూడదు. గుర్తుంది గదా?" అన్నాడు నాతో.

"గుర్తుంది," అన్నాను. వాళ్ళ అమ్మ ఉగ్గాని, బజ్జీలు పెట్టింది. తిన్నాను. తర్వాతి బస్సుకే ఆదోని వచ్చేశాను.

సోమవారం పొద్దున సీప్లేన్ వాళ్ళకు అందరి పాస్‌పోర్టుల ఫొటోలు పంపాలి. అవ్వది ఆలస్యంగా వచ్చింది, ఆ ఒక్కటే మిగిలింది. సావుకారి ఇంటికి పోయి అడిగాను.

"మూటలో ఉంది గదప్పా," అంది అవ్వ.

"మూటలోనా?"

"అది ల్యాకపోతే ఇమానం ఎక్కనీరని నువ్వే సెప్పినావు. అంత ముఖ్యమైంది మంచి గడియలో పోకుండా, అమాస నాడు నా ఎంట వస్తాదా?"

బండి తీసుకుని ఎమ్మిగనూరు పోయాను. రేణుక మిల్లుకు బయలుదేరుతోంది. సంగతి విని ఆగిపోయింది. తిమ్మన్న మాత్రం గూటికి అడ్డం నిలబడ్డాడు.

"కట్టిన మనిసే ఇప్పాల. మనం ఇప్పితే పైనం సెడిపోతాది."

రేణుక అవ్వకు వీడియో కాల్ చేసింది. ఫోన్ నేను పట్టుకున్నాను. అటునుంచి అవ్వ మొహం తెర నిండా వచ్చింది.

"నేను సూస్తాండాను. నువ్వు ఇప్పు పాపా. నీ సెయ్యే నా సెయ్యి."

తిమ్మన్న ఆలోచించి పక్కకు జరిగాడు. చీర మడతలో పాస్‌పోర్టు ఉంది. దాని కింద చిన్న రాగి చెంబు.

"చెంబు ఎందుకవ్వా?" అన్నాను.

"అన్ని నీళ్ళ కాడికి పోతాండాను. ఒక సెంబు ముంచుకోకుండా ఎట్లొస్తాను?"

ఫొటో తీసి పంపాను. రేణుక పాస్‌పోర్టును మళ్ళీ అదే మడతలో పెట్టి, అవ్వ చూస్తుండగానే ముడి వేసింది. నేను బయలుదేరబోతుంటే తిమ్మన్న పిలిచాడు.

"తిరుపాలూ, ఆదివారం బళ్లారి నుంచి పిల్లని సూసేకి వస్తాండారు. బస్టాండు నుంచి ఇంటికి మంచి కారు ఒకటి మాట్లాడి పెట్టప్పా. నీకి తెలిసిన పని గదా."

నేను రేణుక వైపు చూశాను.

"పెడతాడులే నాయనా," అంది ఆమె. "ఈయనకి వచ్చిన పని అదొక్కటే." బ్యాగు భుజాన వేసుకుని, నా బండి ఉన్నా ఎక్కకుండా బస్టాండు వైపు నడిచిపోయింది.

మంగళవారం సావుకారి వాళ్ళ బండి ఎమ్మిగనూరులో రేణుక ఇంటి ముందు ఆగింది. అవ్వ దిగి, సంచి తీసుకుని, తృప్తిగా మళ్ళీ ఎక్కింది. నేనూ రేణుకా చెరో పక్క నిలబడి చేతులూపాం. దీవిని ప్లాన్ చేసిన ఇద్దరం రోడ్డు మీదే మిగిలాం. ఆమె నా వైపు చూడకుండా మిల్లు బస్సెక్కింది.

ఆ రోజు ఇంటికి పోయి మా అమ్మకు అంతా చెప్పాను. నా జీవితంలో మొదటిసారి పంచాంగం చేతిలోకి తీసుకున్నాను. బుధవారం పాడ్యమి, పనికిరాదు. బేస్తవారం విదియ.

"పొద్దున పోయిరా," అంది అమ్మ. సంచి తనే సర్దింది.

బేస్తవారం బస్సులో ఎవరు చెప్పినా సంచిని కింద పెట్టలేదు. నేను పోయేసరికి తిమ్మన్న మగ్గం మీద ఉన్నాడు. రేణుక టిఫిన్ డబ్బా బ్యాగులో పెట్టుకుంటోంది.

"రాప్పా. ఆదివారానికి కారు మాట్లాడినావా?" అన్నాడు తిమ్మన్న.

"మాట్లాడలేదు."

"ఏంటికి?"

"వాళ్ళు రాకుంటే బాగుంటాదని. తిమ్మన్నా, ఈ సంచి మీ గూట్లో పెట్టుకోవాల."

"మళ్ళా ఎవరిది?"

"నాది."

"యాడికి పైనం?"

"ఈడికే," అన్నాను.

మగ్గం ఆగిపోయింది. నేను సంచి వదల్లేదు. "నాకి రేణుక అంటే ఇష్టం. బస్సులోనే చెప్పాల్సింది, నోరు రాలేదు," అన్నాను. అంతకంటే బాగా చెప్పడం నాకు తెలియదు.

తిమ్మన్న కూతురి వైపు చూశాడు. "నువ్వేమంటావు పాపా?"

రేణుక వచ్చి నా చేతిలోంచి సంచి తీసుకుంది. ఒకసారి పైకెత్తి చూసింది.

"ఏముంది ఇందులో?"

"రెండు చొక్కాలు. మా అమ్మ నీకని ఒక చీర పెట్టింది."

"బరువు తక్కువే. సీప్లేన్‌లో కూడా ఒప్పుకుంటారు." తర్వాత నాన్న వైపు తిరిగింది. "నాయనా, ఈయన అడుగుతాడని నేను ఆదోని నుంచి ఎమ్మిగనూరు దాకా చూసినా. మంచిరోజు చూసుకొని ఇప్పటికి వచ్చినాడు. నాకి ఇష్టమే."

"మరి బళ్లారి వాళ్ళకు ఏం సెప్పాల?"

"మూట ముందే వచ్చేసిందని చెప్పు."

తిమ్మన్న మగ్గం దిగాడు, చేతులు కడుక్కున్నాడు. కూతురి దగ్గర సంచి అందుకుని, అంతకుముందు అవ్వ సంచి ఉన్న చోటే పెట్టాడు. "బయటికొచ్చినంక పైనం ఆపకూడదు. నీకి ముందే సెప్పినా," అన్నాడు నాతో.

"గుర్తుంది," అన్నాను.

అప్పుడే రేణుక ఫోన్ మోగింది. అవ్వ. ఆమె వెనక అంతా నీళ్ళే. ఎండలో మెరుస్తూ, చూపు పోయినంత దూరం నీళ్ళు. అవ్వ ఇసుకలో కాళ్ళు చాపుకుని, ఒళ్ళో చెంబు పెట్టుకుని కూర్చుంది.

"ఒక్కరూ ల్యారు పాపా," అంది. "అన్నీ ఉప్పునీళ్ళే. అయినా ఒక సెంబు ముంచినా. వంతు అడిగేవాళ్ళు ల్యారు." కళ్ళు తుడుచుకుంది. రేణుక కూడా తుడుచుకుంది.

అవ్వ చూపు మా వెనకున్న గోడ మీద పడింది.

"ఆ గూట్లో సంచి ఎవరిది?"

"తిరుపాలుది అవ్వా."

అవ్వ నన్ను చూసింది, రేణుకను చూసింది. ఆమెకు సంగతి అర్థమైపోయింది.

"గడియ సూసే పెట్టినాడా?"

"విదియ, బేస్తవారం," అన్నాను.

"మంచిది. నేనొచ్చేదాకా ఎవరూ దాన్ని కదిలించగాకండి," అని ఫోన్‌ను మళ్ళీ సముద్రం వైపు తిప్పింది.

ఆ రోజు రేణుక మిల్లు బస్సు పోయింది. తర్వాతి బస్సు ఎప్పుడో నాకు తెలుసు. చెప్పలేదు.