నాడి చూసిన గోడలు

బల్లిలా గోడను కరుచుకుని ఆ యంత్రం మూడో నంబరు ట్యాంకు లోపలి గోడ మీద మెల్లగా పైకి పాకుతోంది. జానెడు పొడవు, ఆరు రబ్బరు కాళ్ళు. కాస్త దూరం పాకుతుంది, ఆగుతుంది, బొటనవేలంత సుత్తితో గోడను ఒక్కసారి తడుతుంది, ఆ చప్పుడు విని మళ్ళీ కదులుతుంది. ఖాళీ చేసిన ట్యాంకు అడుగున నిలబడి ముగ్గురు తలలెత్తి దాన్నే చూస్తున్నారు.

అందులో ఒకామె ఆ యంత్రాన్ని తయారుచేసిన డాక్టర్ మెహరున్నీసా. దానికి ఆమె పెట్టిన పేరు నాడి. ఆమె పక్కన ఉన్నది కొత్తరేవు మురుగునీటి శుద్ధి ప్లాంటు ఇంజనీరు కోరాడ సన్యాసిరావు. మూడో మనిషి మరమ్మతు ముఠా మేస్త్రీ మరిడమ్మ.

సముద్రం పొంగి పాత రేవుపట్నం మునిగిపోయాక ఎత్తు నేల మీద కట్టుకున్న నగరం కొత్తరేవు. ఆ నగరంలో అన్నిటికన్నా ముందు లేచిన కట్టడం ఈ ప్లాంటే. మనుషులు ఇళ్ళల్లోకి దిగకముందే వాళ్ళ మురుగుకు దారి చూపించాలి కదా! అప్పుడు సన్యాసిరావు తండ్రి ఇక్కడ ఇనుప కడ్డీలు కట్టాడు. ఆ సంగతి సన్యాసిరావు అడిగినవాళ్ళకీ అడగనివాళ్ళకీ చెబుతుంటాడు.

ఇప్పుడు ప్లాంటు ముసలిదైపోయింది. కూల్చేసి కొత్తది కట్టాలని నగరసభలో ప్రతిపాదన వచ్చింది. కొత్తది లేవడానికి ఐదేళ్ళు. అప్పటిదాకా ఊరి మురుగంతా శుద్ధి లేకుండా ఉప్పుటేరులోకి పోతుంది. ఏటి పొడుగునా చేపలవాళ్ళ పేటలున్నాయి. మరిడమ్మది అక్కడి పేటే. ఆమె భర్తా, అన్నదమ్ములూ ఆ ఏటిలోనే పీతలకు వలలు వేస్తారు. ప్లాంటు ఉండాలో పోవాలో నాడి ఇచ్చే రిపోర్టును బట్టి తేలుస్తామన్నారు మేయరుగారు.

"ఏటండీ అంటోంది?" ఉండబట్టలేక అడిగాడు సన్యాసిరావు.

మెహరున్నీసా చేతిలోని పలకను అతని వైపు తిప్పింది. దాని మీద గోడ బొమ్మ రంగురంగుల్లో కనిపిస్తోంది. "నీళ్ళలో మునిగి ఉండే భాగం చూడండి, అంతా ఆకుపచ్చ. చెక్కుచెదరలేదు. జబ్బంతా నీటిమట్టానికి పైనే."

ఇది వినడానికి వింతగా ఉంటుంది. గోడను తినేది నీళ్ళే అనుకుంటాం. కాదు. మురుగులోంచి హైడ్రోజన్ సల్ఫైడ్ అనే గ్యాసు పైకి లేస్తుంది. కుళ్ళిన గుడ్ల కంపు దానిదే. నీళ్ళకు పైన, తడిసిన గోడ మీద కాపురముండే సూక్ష్మజీవులు ఆ గ్యాసును సల్ఫ్యూరిక్ యాసిడ్‌గా మారుస్తాయి. యాసిడ్ కాంక్రీటును తింటుంది. పైకి గోడ గోడలాగే ఉంటుంది, లోపల తడిసిన సుద్దలా మెత్తబడిపోతుంది. ఆ మెత్తదనం దాటి తేమ లోపలి కడ్డీలను తాకిందంటే తుప్పు మొదలవుతుంది. గట్టి కాంక్రీటును తడితే ఒక రకంగా మోగుతుంది, గుల్లదైతే ఇంకో రకంగా. ఇది మేస్త్రీలకు ఎప్పటినుంచో తెలిసినదే. నాడి ఆ మోతతో పాటు రాడార్‌నూ, కడ్డీల్లో పారే సన్నని కరెంటునూ కలిపి చదివి, గోడ లోపల ఎక్కడ ఎంత బలం మిగిలిందో బొమ్మ గీసి ఇస్తుంది.

"మరి ఇనుం మాటేటమ్మా?" మరిడమ్మ అడిగింది.

"పైవరస కడ్డీలు కొన్ని పోయాయి. చాలామటుకు బతికే ఉన్నాయి. ఇప్పుడు మొదలుపెడితే ఈ గోడ ఇంకో తరం నిలుస్తుంది. ఆలస్యం చేస్తే మాత్రం నేను మాట ఇవ్వలేను."

సన్యాసిరావు గోడకు చెయ్యి ఆనించాడు. "అయితే కూల్చక్కర్లేదు," అన్నాడు.

ఆ వారమే పని మొదలైంది. నాడి ఎర్రగా చూపించినచోటల్లా మరిడమ్మ ముఠా కుళ్ళిన కాంక్రీటును చెక్కేసింది. కడ్డీలు తోమి, పోయినవాటి పక్కన కొత్తవి కట్టి, కొత్త కాంక్రీటు వేసింది. మనిషి చెయ్యి దూరని సన్నని పగుళ్ళను నాడికే వదిలారు. అది తన సూదితో పగులు మొదట్లోకి బూడిదరంగు పేస్టు ఎక్కించేది.

ఆ పేస్టులోనే ఉంది డాక్టరమ్మ పనితనం. అందులో కోట్లాది సూక్ష్మజీవులు నిద్రపోతూ ఉంటాయి. పొడిగా ఉన్నంతకాలం అవి లేవవు. గోడ చీలి నీళ్ళు లోపలికి దిగాయో, వాటికి తెల్లవారినట్టే. లేచి, పేస్టులో దాచిన ఆహారం తిని, సున్నపురాయిని విసర్జిస్తాయి. ఆ సున్నపురాయే పగులును పూడుస్తుంది. తడి ఆగిపోగానే మళ్ళీ నిద్ర. మామూలు జాతులకు వారాలు పట్టే పనిని మెహరున్నీసా పెంచిన జాతి ఒక పూటలో చేస్తుంది. ప్రయోగశాలలో చేసింది. నిజం ట్యాంకులో చేస్తుందో లేదో ఇంకా ఎవరూ చూడలేదు.

చూసే రోజు రానే వచ్చింది. ట్యాంకును మునుపెన్నడూ నింపనంతగా, అంచు దాకా నింపాలి. మేయరు పూసర్ల చక్రధరరావు పరివారంతో వచ్చాడు. గోడకు అవతల పల్లంలో పంపుహౌసు ఉంది. గోడ పగిలితే ముందు పోయేది అదే. అందుకని అందులోవాళ్ళను బయటికి పంపేశారు.

నీళ్ళు అంచుకు చేరేసరికి గోడ బయటివైపు పాత నీటిమట్టానికి కాస్త పైన, చెయ్యెత్తితే అందే ఎత్తులో వెంట్రుకంత గీత తడిసింది. గీత చెమ్మగిల్లింది, చుక్కలైంది, చూస్తుండగానే సన్నని ధార కట్టింది.

మేయరు రెండడుగులు వెనక్కి వేశాడు. "చాలు, చాలు! గేటెత్తి నీళ్ళొదిలెయ్యండి. దీన్ని కూల్చడమే మంచిదని నేను మొదట్నుంచీ అంటూనే ఉన్నాను."

"అయ్యా, తడి తగిలితేనే కదండీ మందు పనిచేసేది! సాయంత్రం దాకా ఆగండి," అన్నాడు సన్యాసిరావు.

"ఈలోపల పగిలితే?"

"దీని కిందే నేనుంటాను."

చెప్పి, నిజంగానే వెళ్ళి ఆ గీత కింద నిలబడ్డాడు. ధార అతని చొక్కా భుజాన్ని తడుపుతోంది. మెహరున్నీసా తనూ వెళ్ళి పక్కన నిలబడింది. మరిడమ్మ తన ముఠాకేసి చూసింది. "కట్టింది మనం. ఇంకెక్కడ కూకుంటాం?" అంది. అందరూ క్యారేజీలు పట్టుకుని ఆ గోడ నీడకే వచ్చి అన్నాలకు కూర్చున్నారు.

మెహరున్నీసా కలిపిన ముద్ద పక్కన పెట్టి గీతకేసి చూసింది. "ప్రయోగశాలలో ఇంత ఒత్తిడి ఎప్పుడూ పెట్టలేదు సన్యాసిరావుగారూ," అంది చిన్నగా.

"ఇప్పుడు చెబుతున్నారేటండీ!" అన్నాడతను. ఇద్దరికీ నవ్వొచ్చింది.

పొద్దు వాలేసరికి ధార చుక్కలైంది. ఆపైన చుక్కకీ చుక్కకీ మధ్య ఎడం పెరిగింది. చివరికి గోడ మీద ముగ్గుపిండితో గీసినట్టు తెల్లటి గీత ఒకటి మిగిలింది. సన్యాసిరావు వేలితో గీరి చూశాడు. గోరు అరిగింది గాని గీత చెదరలేదు. ముఠా ఆడవాళ్ళు ఈలలు వేశారు. మరిడమ్మ డాక్టరమ్మను అమాంతం ఎత్తి గిర్రున తిప్పి దింపింది.

అంతటి విజయం కళ్ళ ముందే జరిగాక మేయరు ఊరుకుంటాడా? మర్నాడే పత్రికలవాళ్ళను పిలిచాడు. "మన కొత్తరేవు ఘనత ఇది! మురుగు గోడకే ఇంత వైద్యం చేయించినవాళ్ళం, జనం మెలిగే భవనాలను వదిలేస్తామా? ప్రతి ప్రభుత్వ భవనం నాడీ చూపిస్తాం. ఫలితాలు ప్రజల ముందు పెడతాం," అని ప్రకటించాడు.

నాడి ఊరంతా పాకింది. నగరసభ భవనం ఎర్రగా వచ్చింది. అద్దాల కళాక్షేత్రం అంతకన్నా ఎర్రగా వచ్చింది. స్టేడియం, బస్టాండు, టౌన్‌హాలు, అన్నీ ఎరుపే. నగరం ఎదిగే తొందరలో సముద్రపు ఇసుకను సరిగ్గా కడగకుండా కలిపారు. ఉప్పు లోపలే ఉండి కడ్డీలను తింటోంది. వాటిని బాగుచేయొచ్చు, కానీ దానికి ఏళ్ళు పడతాయి. ఊరు మొత్తానికి నిండా ఆకుపచ్చగా వచ్చిన కట్టడం ఒక్కటే: మురుగునీటి ప్లాంటు.

మేయరు మెహరున్నీసాను ఛాంబరుకు పిలిపించాడు. "అమ్మా, మీ యంత్రాన్ని కాస్త చూసీచూడనట్టు పొమ్మనకూడదా? ఇది నేను కూర్చునే భవనం."

"అందుకేనండి మరీ జాగ్రత్తగా చూసింది," అందామె. "మీ కుర్చీ పైనున్న దూలం లోపల సగం ఖాళీ."

మేయరు తలెత్తి చూసి, కుర్చీని కిటికీ దగ్గరకు లాక్కున్నాడు.

ఆ కార్తీకంలో తుపాను పట్టింది. చిన్నదేం కాదు. జనాన్ని ఎక్కడ దాచాలన్న ప్రశ్న వచ్చింది. ఫలితాలు పత్రికల్లో పడ్డాక టౌన్‌హాల్లో తలదాచుకోమంటే ఒక్కరూ కదలరు. దాంతో సన్యాసిరావుకు ఫోనొచ్చింది. ట్యాంకులకు ఎగువన ప్లాంటు ఫిల్టరు హాలు ఉంది. పెద్ద పెద్ద స్తంభాలు, మరిడమ్మ ముఠా బాగుచేసిన కప్పు, నాడి మందు ఎక్కించిన గోడలు.

"పంపించండి. ఎంతమందైనా సరే," అన్నాడతను.

ఉప్పుటేటి పేటలవాళ్ళు వచ్చారు. మేడల్లోవాళ్ళు కార్లలో వచ్చారు. చివరికి మేయరూ కుటుంబంతో వచ్చాడు. గాలి రోజంతా ఊరిని ఊడబెరికింది. కళాక్షేత్రం కప్పు కూలింది, నగరసభ భవనం తూర్పు భాగం ఒరిగిపోయింది. ఫిల్టరు హాల్లో మాత్రం కొన్ని పగుళ్ళు చెమ్మగిల్లాయి, అంతే. జనం భయంతో చూస్తుంటే మరిడమ్మ హాలంతా తిరుగుతూ, "తడవనీండి, తడవనీండి. పగుల్లోని మందుకదే మేలుకొలుపు," అని చెప్పింది. తుపాను తీరం దాటేసరికి గోడల మీద కొత్త తెల్లగీతలు మెరుస్తున్నాయి. ఊళ్ళో ఒక్క ప్రాణం పోలేదు. ఆ రోజు సన్యాసిరావు గుమ్మం దగ్గర నిలబడి, బయటికి వెళ్ళే ప్రతివాళ్ళ దండాన్నీ తండ్రి తరఫున కూడా అందుకున్నాడు.

ఒరిగిన భవనంలోకి అడుగుపెట్టబోమన్నారు ఉద్యోగులు. వేరే దారిలేక నగరసభ కార్యాలయాన్ని ఫిల్టరు హాల్లోకే మార్చారు. ఊళ్ళో అంతకన్నా గట్టి కప్పు లేదు మరి. కొత్తచోట మొదటి సమావేశానికి సన్యాసిరావునూ, మెహరున్నీసానూ పిలిచి ముందువరసలో కూర్చోబెట్టి శాలువాలు కప్పారు.

శాలువాలు కప్పడం అయ్యాక మేయరు మొదటి తీర్మానం చదివాడు. "ఇంత దృఢమైన, చారిత్రకమైన భవనం ఆవరణలో మురుగునీరు ఉండడం నగర గౌరవానికి తగదు. కాబట్టి మురుగు శుద్ధిని ఇక్కడినుంచి వేరే చోటికి తరలించాలి."

"ఎక్కడికండీ?" మెహరున్నీసా నివ్వెరపోయి అడిగింది.

"ఎక్కడికైనా. వాసన భరించలేకపోతున్నాం."

సన్యాసిరావు లేచాడు. శాలువా జారిపోకుండా సర్దుకున్నాడు. "అయ్యా, వాసనా మాదే, కప్పూ మాదే. రెండూ కలిపే ఉంటాయి. ఒకటి వద్దంటే రెండోదీ వదులుకోండి. గుమ్మం తెరిచే ఉంది."

కిటికీల అవతల ట్యాంకుల్లో ఊరి మురుగు మెల్లగా తిరుగుతూ తేటపడుతోంది. మేయరు గొంతు సవరించుకుని, "తీర్మానాన్ని బలపరిచేవాళ్ళు చేతులెత్తండి," అన్నాడు.

ఒక్క చెయ్యీ లేవలేదు. అందరికీ తీర్మానం ఇష్టమే. కానీ ఎవరి చెయ్యి వాళ్ళ ముక్కు మీదే ఉంది, తీస్తే ఊపిరాడదు; రెండోది ఎత్తితే నెత్తి మీద కప్పుండదు. మేయరు కూడా చెయ్యి తియ్యలేక, రెండో చేత్తో కాగితం తిప్పి తరవాతి అంశం చదవడం మొదలుపెట్టాడు.