రాతి యోసేపు గడ్డం

చీకటి పడ్డాక మా కొండ చర్చి కింది గుహలోకి ఎవరూ దిగరు. అక్కడ ఐదు వందల ఏళ్ళ నాటి రాతిబొమ్మలున్నాయి — పసిబిడ్డ యేసు, మరియ, యోసేపు, పక్కన ఎద్దూ గాడిదా. రాత్రయితే ఆ రాతి ఎద్దు నెమరేస్తుందట... ఆ చప్పుడు చెవినబడ్డవాడికి నెల తిరక్కుండా జుట్టు ఊడుతుందట. మా బట్టతల మంగలే సాక్ష్యం.

ఇది చర్చి తాళాలు చూసే కతాల్దో నోట విన్నమాట.

ఆ ఏడు యోసేపు గడ్డం అరిగిపోతోందని నగరం నుంచి ఓర్నెల్లా వచ్చింది. పాత శిల్పాల్ని కాపాడటం ఆవిడ పని. రాతిలోంచి ఉప్పు ఊరుతోందని చెప్పి, తడి కాగితం గుజ్జు పట్టించి కొంత లాగింది. అయినా గడ్డం తరుగుతూనే ఉంది. కారణం తేలకపోతే బొమ్మలన్నీ నగరం మ్యూజియానికి తరలిస్తామని పైనుంచి కబురు. ఊరంతా చావు కబురు విన్నట్టు అయిపోయింది.

"పగలంతా నేనిక్కడే ఉన్నా. ఏం జరిగినా రాత్రే జరుగుతోంది," అంది ఓర్నెల్లా. "ఇవాళ మనం కాపలా కాద్దాం."

"మనమా? మధ్యలో నేనెందుకమ్మా?"

"తాళాలు నీ దగ్గరేగా!"

దీపం ఆర్పి మరియ బొమ్మ వెనక నక్కారు. చలి... తేమ... చిమ్మచీకటి.

అప్పుడు మొదలైంది.

సర్క్... సర్క్... సర్క్...

"ఎద్దు!" కతాల్దో గొంతు పీలగా వచ్చింది.

"ష్..."

చప్పుడు ఆగింది. ఏదో కదిలింది — దగ్గరికి — ఇంకా దగ్గరికి. కతాల్దో మెడ మీద వెచ్చటి ఊపిరి తగిలింది. తడిగా, గరుగ్గా ఏదో అతని చెవిని నిమిరింది...

"నా జుట్టు జోలికి రాకు తండ్రీ! ఉన్నవే నాలుగు వెంట్రుకలు!"

ఓర్నెల్లా టార్చి వేసింది.

మేక!

ఊళ్ళో చీజ్ చేసి అమ్మే అస్సుంతా పెద్దమ్మ మేక. గాడిద బొమ్మ వెనక గోడలో కంత, కంత అవతల పెద్దమ్మ కొట్టం. ఉప్పు తగ్గిన గడ్డాన్ని వదిలేసి, చెమటలు కారుతున్న కతాల్దో చెవిని తీరిగ్గా నాకుతోంది.

తెల్లారేసరికి ఊరంతా గుహలోనే ఉంది. కంత పూడ్చారు. కారణం తేలింది కనక బొమ్మలు ఊళ్ళోనే ఉంటాయని ఓర్నెల్లా చెప్పగానే అందరూ చప్పట్లు కొట్టారు. ఫాదర్ గారు మాత్రం అస్సుంతా పెద్దమ్మ మీద విరుచుకుపడ్డారు.

"ఎన్నాళ్ళుగా నాకుతోందమ్మా ఇది?"

"ఇదొక్కటేనా? దీని తల్లీ అంతే, అమ్మమ్మా అంతే. ఎక్కడికి పోయేవో నాకేం తెలుసు? మూతి నాక్కుంటూ వచ్చేవి," అంది పెద్దమ్మ ఏమాత్రం తగ్గకుండా. "ఏం, నా చీజ్‌కి ఆ రుచి ఊరికే వచ్చిందనుకున్నారా?"

అందరం మూతులు తుడుచుకున్నాం. ఆ చీజ్ తినని ఇల్లు మా ఊళ్ళో లేదు.

ఓర్నెల్లా నవ్వాపుకుంటూ అడిగింది. "పోయిన గడ్డం ఏమైందని పైవాళ్ళు అడిగితే ఏం చెప్పను ఫాదర్ గారూ?"

ఫాదర్ గారు మెల్లగా పొట్ట మీద చెయ్యి వేసుకున్నారు.

"ఊరు దాటలేదని చెప్పమ్మా."