తాతమ్మ డాబా మీద ఏడుపు

నౌపడ ఉప్పుమడుల వైపు పోయే వీధిలో ఆఖరి ఇల్లు తాతమ్మ డాబా. పొద్దు వాలితే దాని ముందునుంచి ఎవరూ నడవరు. తప్పనిసరైతే చెప్పులు చేత్తో పట్టుకుని పరుగే. ఎండాకాలంలో వీధంతా ఆరుబయట మంచాలేసుకుంటుంది గానీ, ఆ గోడకి దగ్గర్లో ఒక్క మంచం కనపడదు.

తాతమ్మ గుండెజబ్బుతో శ్రీకాకుళం ఆసుపత్రిలో పోయింది. కొడుకులు ఇంటికి తాళమేసి ఎవరి ఊరు వాళ్ళు వెళ్ళిపోయారు. అక్కడితో అయిపోవాల్సిన కథే... అయిపోలేదు.

తెల్లవారుజామున, చీకటి ఇంకా చిక్కగా ఉండగానే, ఆ డాబా మీద ఏడుపు మొదలవుతుంది. ముందు గొంతులో గరగర... తర్వాత సన్నగా మూలుగు... ఆ మూలుగే సాగి సాగి "ఊఁ..." అని ఏడుపు. మధ్యమధ్య గోడ మీద దబ్‌దబ్‌మని గుండెలు బాదుకున్న చప్పుడు. కాసేపటికి దానంతటదే ఆగిపోతుంది. తెల్లారాక చూస్తే ఏముంటుంది? తాళం, తుప్పు, ఎండిన తులసికోట.

ఏడుపుందంటే ఏడిపించినవాళ్ళు ఉండాలి కదా. ఊరు వెతికింది. ఎంతోదూరం వెతకలేదు లెండి — పక్కింట్లోనే దొరికింది. దాలమ్మ!

దాలమ్మ ఎక్కడినుంచో వచ్చి ఆ పాకలో దిగిన ఒంటరి మనిషి. ఉప్పుమడుల్లో కూలి. మాట కరుకు, ఆ సంగతి ఒప్పుకోవాల్సిందే. తాతమ్మ దొడ్డి నీళ్ళు తన గుమ్మంలోకి పారుతున్నాయని ఒకసారి వీధినపడి, "నీకు గొంతులో నీళ్ళు దిగకుండా పోవాల!" అని తిట్టింది. ఆ తర్వాత కొన్నాళ్ళకే తాతమ్మ పోయింది. ఇంకేం కావాలి మనవాళ్ళకి? దాలమ్మ చిల్లంగి పెట్టిందన్నారు. చేతబడికి ఈ వైపు పేరది. ఆ పేరు ఒకసారి పడిందంటే మనిషికి ఊళ్ళో నిప్పు కూడా పుట్టదు. కొట్టువాడు సరుకు విసిరేసేవాడు. ఆడవాళ్ళు పిల్లల్ని కొంగుచాటుకి లాక్కునేవాళ్ళు.

ఇంతలో అదే వీధిలో ఉండే నరసింగరావు కొడుకు పృథ్వీరాజ్‌కి జ్వరం పట్టుకుంది. మందుబిళ్ళకి తగ్గుతుంది, మళ్ళీ వస్తుంది. ఒక రాత్రి ఆ పిల్లాడు ఒళ్ళు కాలిపోతూ "తాతమ్మా... తాతమ్మా..." అని కలవరించాడు. అంతే. నరసింగరావు లేచాడు.

ఇంకా కోడి కూయలేదు. ప్లంబరు దేవేంద్ర తలుపు మీద ఎవరో చిన్నగా తట్టారు.

ఈ దేవేంద్ర పగలు పులి. టెక్కలిదాకా తనలాంటి పనివాడు లేడని మీసం దువ్వుతాడు. పొద్దుగూకితే మాత్రం దొడ్లోకెళ్ళడానికి పెళ్ళాం దుర్గాభవాని దీపం పట్టుకుని తోడు రావాలి. తలుపు సందులోంచి చూస్తే నరసింగరావు. వెనకాల ఇంకొందరు మగాళ్ళు.

"ఒరే దేవేంద్రా... నీ కటింగ్ ప్లేయరు ఓపాలియ్యి."

"ఇప్పుడేటి బావా? కుళాయేటైనా కారతన్నాదా?"

"కుళాయి కాదురా." నరసింగరావు గొంతు తగ్గించాడు. "దాలమ్మ పళ్ళు."

చిల్లంగి పెట్టేవాళ్ళకి పళ్ళు పీకేస్తే మంత్రం నోట తిరగదట. ఎవడు కనిపెట్టాడో గానీ, వాడి నోరు పడిపోను!

"దాని పాకకి బయట గొళ్ళెం పెట్టీసి వచ్చినాం. తెల్లారేలోగా అయిపోవాల. నా గుంటడు సచ్చిపోతాడ్రా..." అన్నాడు నరసింగరావు. ఆ గొంతులో కోపమే కాదు, ఏడుపూ ఉంది. అదే ఎక్కువ భయపెట్టింది దేవేంద్రని.

తలుపు వెనకనుంచి దుర్గాభవాని గుసగుస — "ఇచ్చినావంటే ఆ పాపం నీ సేతిదే మావా."

ఇవ్వకపోతే? రేపు తనమీదా అదే పేరు. దేవేంద్ర నాలుక అబద్ధం వెతుక్కుంది.

"నా కాడ నేదు బావా... తాతమ్మ డాబా మీద ఒగ్గీసినాను. ఆయమ్మ ఉన్నప్పుడు ట్యాంకు పనికెళ్ళి."

అక్కడికి ఎవడు వెళ్తాడు, వీళ్ళే ఊరుకుంటారు అనుకున్నాడు. నరసింగరావు మాత్రం కళ్ళార్పకుండా చూశాడు.

"అలగైతే యెల్లి తే. మేం గేటు కాడ ఉంటాం."

అబద్ధమాడినా అతికినట్టుండాలంటారు. వీడిది మరీ అతికిపోయింది.

పనిముట్ల సంచీ భుజానేసుకుని బయల్దేరాడు. ప్లేయరు ఆ సంచీలోనే ఉంది! నడుస్తుంటే రెంచికి తగిలి టింగుమంటోంది. ఆ చప్పుడు వాళ్ళకి వినపడుతుందేమోనని సంచీని పొట్టకి అదుముకున్నాడు.

గేటు కిర్రుమంది. మగాళ్ళు బయటే ఆగిపోయారు. దేవేంద్ర గోడ పట్టుకుని, దొడ్లోంచి పైకిపోయే మెట్లు ఎక్కుతున్నాడు. కింద స్నానాలగదిలో టప్... టప్... ఎవరో చేతులు కడుక్కుంటున్నట్టు. వెనక్కి చూడలేదు. రాముడు, ఆంజనేయుడు, చిన్నప్పుడు నేర్చుకున్న దేవుళ్ళందరూ నోట్లో కలగాపులగం అయిపోయారు.

డాబా మీద ఉప్పుగాలి. నల్లగా ట్యాంకు. ఎవరూ లేరు...

గరగర!

కాళ్ళకిందనుంచే వచ్చింది. గోడ లోపలినుంచి పైకి పాక్కుంటూ వచ్చింది. మూలుగు... సన్నగా... పెరుగుతూ... చెవి పక్కనే "ఊఁ..."

"ఓలమ్మో!" అని వెనక్కి తూలాడు. డాబాకి పిట్టగోడ లేదు. పడిపోతానని చేతికందింది గట్టిగా పట్టుకున్నాడు. అది ట్యాంకులోకి పోయే గొట్టం. చేతిలో జ్వరమొచ్చిన ఒంటిలా వణుకుతోంది.

గట్టిగా పట్టుకునేసరికి — ఏడుపు సన్నబడింది.

వదిలాడు. పెరిగింది.

మళ్ళీ పట్టుకున్నాడు. తగ్గింది.

"ఓర్నీ..."

భయం పోలేదు గానీ, దాని పక్కన ఇంకోటి లేచింది. కోపం. సెల్లు లైటేసి ట్యాంకు మూత లాగాడు. లోపల నీళ్ళు నిండా ఉన్నాయి, కాస్త వెలితి. నిండగానే నీళ్ళు ఆపేసే బాల్ వాల్వు తాలూకు బంతి నీళ్ళమీద దడదడా కొట్టుకుంటోంది. బంతిని రెండు వేళ్ళతో పైకెత్తాడు. వాల్వు మూసుకుంది. డాబా అంతా నిశ్శబ్దం.

ఇంతేనా తాతమ్మ! పంచాయతీ నీళ్ళు వదిలేది ఆ వేళకే. స్నానాలగది కుళాయి రోజంతా కారి ట్యాంకు కాస్త తగ్గుతుంది. నీళ్ళొచ్చాక ఆ కాస్తకీ వాల్వు పూర్తిగా తెరుచుకోదు, కొంచెం నోరు తెరుస్తుంది. లోపల వాషరు అరిగిపోయింది కనుక ఆ సందులోంచి దూరే నీళ్ళు మూలుగుతాయి. గొట్టాన్ని గోడకి బిగించిన క్లాంపుల్ని ఉప్పుగాలి తినేసింది, అందుకే దబ్‌దబ్. తాతమ్మ బతికున్నప్పుడు ట్యాంకు రోజూ ఖాళీ అయ్యేది, నీళ్ళు ధారగా పడేవి, ఏడుపు లేదు. ఇంట్లో మనిషి లేకపోవడం వల్ల వచ్చిన ఏడుపే అది, ఊరు చెప్పినట్టు మాత్రం కాదు.

దేవేంద్ర నవ్వబోయాడు. అప్పుడే కిందనుంచి గుసగుస వినపడింది.

"సూసినార్రా? దాన్ని ఇంట్లో ఎట్టి గొళ్ళెమేసినాం... ఏడుపాగిపోనాది! అదే, ముమ్మాటికీ అదే!"

నవ్వు గొంతులోనే ఆగిపోయింది. ఇప్పుడు గనక బాగుచేసి దిగితే, ఈ నిశ్శబ్దమే దాలమ్మకి ఉరితాడు. పళ్ళు పీకితేనే పీడ వదిలిందని రేపు ఊరూరా చెప్పుకుంటారు.

బంతి వదిలేశాడు. "ఊఁ..." అని ఏడుపు మళ్ళీ లేచింది. కింద ఎవడో కెవ్వుమన్నాడు.

"నరసింగరావు బావా! పైకి రా!"

"దేవేంద్రా... నిన్ను పట్టీసినాదేట్రా?"

"నన్నేటీ పట్టనేదు. నానే దాన్ని పట్టుకున్నాను. నీ కొడుకు మీద ఒట్టు, రా!"

కొడుకు మీద ఒట్టన్నాక రాకుండా ఎలా ఉంటాడు? మెట్లమీద అడుగులు... ఆగి... మళ్ళీ అడుగులు. నరసింగరావు తల కనపడింది. దేవేంద్ర అతని చెయ్యి లాగి ట్యాంకులో పెట్టాడు.

"ఎత్తు."

ఆగింది.

"ఒగ్గీ."

ఏడ్చింది.

నరసింగరావు మళ్ళీ ఎత్తాడు. మళ్ళీ వదిలాడు. ఎన్నిసార్లు చేశాడో. అతని కళ్ళెదుటే దేవేంద్ర గేట్ వాల్వు కట్టేసి, వాల్వు విప్పి, నమిలేసిన తమలపాకులా ఉన్న పాత వాషరు తీసి చూపించాడు. కొత్తది పెట్టాడు, మరలకి నీళ్ళు కారకుండా టెఫ్లాన్ టేపు నాలుగు చుట్లు బిగించి చుట్టాడు, గొట్టాన్ని తాడుతో స్లాబులోంచి పొడుచుకొచ్చిన ఇనుప ఊచకి కట్టాడు. గేట్ వాల్వు తిప్పితే నీళ్ళు బుద్ధిగా వచ్చి, బుద్ధిగా ఆగాయి. ఇన్ని నెలలుగా ఊరు ఊరంతా వణికి చచ్చింది ఒక రబ్బరు ముక్కకి. సిగ్గుండాలి!

"మరి... నా గుంటడికి జొరమో?" అన్నాడు నరసింగరావు.

"ఆసుపత్రికి తీసుకెల్లు. ఇప్పుడే ఆటో పిలు. ఎవుల పళ్ళు పీకినా జొరం తగ్గదు బావా."

దిగారు. మగాళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకోకుండా దాలమ్మ పాకదాకా నడిచారు. గొళ్ళెం తీశారు.

దాలమ్మ గుమ్మానికెదురుగా నిలబడి ఉంది. కొంగు నడుముకి బిగించింది. చేతిలో కత్తిపీట. రాత్రంతా అలాగే నిలబడ్డట్టుంది.

నరసింగరావు తల దించుకున్నాడు. "పొరపాటైపోనాది పిన్నీ. నీళ్ళ గొట్టమట అది..." ఇంకేం చెప్పాలో తోచక గొణిగాడు. "పోనీలే... నీ పళ్ళకేటీ అవ్వనేదు కదా."

దాలమ్మ అతన్ని ఎగాదిగా చూసింది. కత్తిపీట కింద పెట్టింది. నోట్లో వేళ్ళు పెట్టి — పై వరసా, కింద వరసా ఊడదీసి, అతని అరచేతిలో పెట్టింది.

కట్టుడు పళ్ళు.

బుగ్గలు లోపలికి పోయి, ఆ మొహం ఎవరికీ తెలియని మొహంలా అయిపోయింది. ఖాళీ నోటితో, మెల్లిగా, ముద్దముద్దగా అంది —

"మా అత్తోరూర్లో పీకీసినారు బాబూ. అక్కడ ఏడుపు కాదు, ఎవులిదో ఆవు సచ్చిపోనాది. అదెందుకు సచ్చిపోనాదో సూడ్డానికి ఒక్కడూ యెల్లనేదు."

దాలమ్మ చెయ్యి చాపింది.

"ఇలగియ్యి. మడికెల్లే యేలయిపోనాది."