చిట్టి చేతి వాచీ

"ఫోనొస్తే మేడ మీదికి పరిగెత్తడమేమిటే? ఇంట్లో చోటు లేదా?" అత్తగారు కూతురి మీద మళ్ళీ మొదలుపెట్టింది.

"ఆఫీసు ఫోనమ్మా."

"ఆఫీసువాళ్ళతో ఇకిలిస్తూ మాట్లాడతారా?"

"ఏడుస్తూ మాట్లాడాలని రూలేం లేదు," అంది చిట్టి, వాచీ పెట్టుకుంటూ.

"చూశావా కోడలా, దీని నోరు! నువ్వైనా అడుగు, ఎవరితోనో."

కోడలు కూరగాయలు తరుగుతూ తలెత్తలేదు. అడగక్కర్లేదు. ఆ కుర్రాడి గొంతు సన్నగా ఉంటుందనీ, చిట్టి అతన్ని 'మహానుభావా' అంటుందనీ ఆమెకు తెలుసు. ఆడపడుచుకి పుట్టినరోజు కానుకగా ఇచ్చిన వాచీలో మైకు పెట్టింది తనే.

ఇంట్లోవాళ్ళకి ఈ కోడలు ఇన్సూరెన్స్ ఆఫీసులో గుమాస్తా. సీక్రెట్ సర్వీస్‌లో ఏజెంట్ పావురం.

ఆ పని అప్పగించిన రోజు చీఫ్ క్లుప్తంగా చెప్పాడు. "ఈ ప్రాంతంలో ఏ విమానం ఎంత ఇంధనం పోయించుకుందో ఒకే సెంటర్‌కి చేరుతుంది. దాన్నిబట్టే ఎవరు ఎంత కార్బన్ డయాక్సైడ్ వదిలారో లెక్క. ఒక విదేశీ ముఠా అందులోకి దూరబోతోంది. వాళ్ళ విమానాల పొగని చిన్న కంపెనీల నెత్తిన రుద్దుతారు. ఏడాది లెక్కకి సీలు పడిందంటే జరిమానాలు కట్టలేక ఆ కంపెనీలు మూతబడ్డట్టే."

"దూరేది ఎలా సార్?"

"అక్కడ పనిచేసే మీ ఆడపడుచు ద్వారా. నెమలి చెప్పింది."

నెమలి ముఠాలో తిరుగుతూ మనకి కబుర్లు మోసే డబుల్ ఏజెంట్. ఎత్తుమడమల చెప్పులు, నల్లకళ్ళద్దాలు, గదంతా సెంటు వాసన. "సొంతవాళ్ళని నమ్మడం మన వృత్తిలో రోగం, డార్లింగ్," అంటూ మైకు పావురం చేతిలో పెట్టింది ఆవిడే.

ఆరింటికి సీలు వేయాల్సిన సాయంత్రం పావురం ఊడ్చేమనిషి వేషంలో సెంటర్‌లోకి దూరింది. నోటికి మాస్కు, చేతిలో చీపురు, పక్కన ఫినాయిల్ బకెట్, చెవిలో ఇయర్‌ఫోన్. అద్దాల అవతల చిట్టి పాస్‌కోడ్ పైకి చదువుతోంది, పక్కసీటాయన టైపు చేస్తున్నాడు. తప్పు దొర్లకుండా అక్కడి పద్ధతి అది.

చదివేసి చిట్టి నీళ్ళు తాగుతోంది. పక్కసీటాయన ఆవులిస్తున్నాడు. తెరమీద అంకెలు మాత్రం వాటంతటవే మారిపోతున్నాయి!

కోడ్ విన్నదెవరు? గదిలో ఆ ఇద్దరు. బయట తను.

ఇంకా, మైకు ఇచ్చిన మనిషి.

ముఠాకి దారంటూ లేనే లేదు. దగ్గరుండి దారి వేసింది తనే.

ఇక మిగిలింది సీలు కోడ్. చదవడానికి చిట్టి నోరు తెరిచింది.

"చదవకు!" పావురం తలుపు తోసుకుని దూకింది.

"వదినా? నువ్వా? ఈ చీపురేంటి?"

పావురం ఆమె చేతి వాచీ ఊడబెరికి ఫినాయిల్ బకెట్లో ముంచింది. "ఇందులో మైకుంది. పాత లెక్క వెనక్కి తెప్పించు. పాస్‌కోడ్ మార్చు. ఏ కోడూ పైకి చదవకు, ఆయనకి రాసి చూపించు. త్వరగా!"

అసలు లెక్క తెరమీదికి రావడం, సీలు పడటం, గడియారం ఆరు కొట్టడం ఒక్కసారే జరిగాయి. పావురం కబురందుకున్న చీఫ్ మనుషులు కార్ల పార్కింగ్‌లో నెమలిని పట్టుకునేసరికి, చెవిలోని ఇయర్‌ఫోన్ తీయకుండానే కారెక్కబోతోందట.

"శభాష్!" అన్నాడు చీఫ్ ఫోన్లో. ఆ మాట చెంపదెబ్బలా తగిలింది.

చిట్టి బకెట్లోకి చూస్తూ నిలబడింది. "నా మాటలన్నీ ఎవరెవరు విన్నారు?"

"నేను. ఆ మైకు ఇచ్చిన మనిషి. ఆఫీసులో ఇంకో నలుగురు చదివారు."

"మేడమీద మాట్లాడినవి కూడానా?"

పావురం ముఖం తిప్పుకుంది. ఆ మాటలు టైపు చేసి, కింద సంతకం పెట్టి పంపింది తనే.



ఆ రాత్రి ఇంట్లో భోజనాల దగ్గర అందరూ కూర్చున్నాక ఆమె ఒక్కటీ దాచకుండా చెప్పింది. తనది ఏ ఉద్యోగమో, ఆ వాచీలో ఏముందో. కూతుర్ని దులపడానికి నోరు తెరిచిన అత్తగారు కోడలి వంక చూస్తూ ఉండిపోయింది. భర్త కలిపిన ముద్ద కలిపినట్టే ఉంది.

"రేపటినుంచి ఆ పనికి వెళ్ళను," అంది మెల్లగా. "చీఫ్‌కి చెప్పేశాను. దొంగచాటుగా వినేది కాకుండా, మనుషుల్ని అడిగి తెలుసుకునే పని ఏదైనా చూసుకుంటాను."

చిట్టి కంచంలోంచి తలెత్తకుండానే అంది:

"అయితే ముందు కూర ఎవరికి కావాలో అడుగు వదినా."