పెట్టుడు ముఖం

"పెళ్ళినాటి ముఖమే పెట్టాలి. చెంపలు నిండుగా ఉండేవి," అని ప్రత్యూష మూడోసారి అంది.

"అప్పుడు అమ్మ నాకు చెల్లెల్లా ఉంటుంది నాయనమ్మా. నా సీమంతానికి వచ్చినవాళ్ళు నవ్వుతారు. ప్రమాదానికి ముందు ఏడాదిది చాలు," అంది ఇహ.

"ఆ ఏడాది కళ్ళ కింద నలుపులుండేవే. పెట్టుకునేదేదో మంచిది పెట్టుకోక!"

"ఏదో ఒకటి తేల్చండి. మార్చడానికే గంట పడుతుంది," అన్నాడు శ్రేయస్, ఇడ్లీ తుంచుతూ.

అతని భార్య తన్మయి చట్నీ వడ్డిస్తోంది. ముఖం ఆమెదే. ఆమెను ఎవరూ అడగలేదు.

2071లో, కాకినాడలో, ఇలాంటి మాటలు వింతేమీ కాదు. ఆ ముఖాలను చూపేది కాంతితొడుగు, అంటే మెడకు పెట్టుకునే సన్నని పట్టీ. అందులోని ప్రొజెక్టర్లు చర్మానికి గోరు మందం ఎత్తున కాంతిపొరను పరుస్తాయి. లోపలి కండరాలు కదిలినట్టే పైన బొమ్మ కదులుతుంది. కాలిన గాయాలవాళ్ళ కోసమే దాన్ని తయారుచేశారు.

నాలుగేళ్ళ కిందట వంటింటి గోడలో బ్యాటరీ పేలి తన్మయి ముఖం ఎడమవైపు, మెడ కాలిపోయాయి. పదకొండు ఆపరేషన్ల తర్వాత ఏడాదిపాటు గోడవైపు తిరిగి పడుకుంది. తొడుగు వచ్చాక లేచింది. "మా కోడలు మళ్ళీ మామూలు మనిషైంది," అని ప్రత్యూష అందరికీ చెప్పుకుంది.

కానీ ఎనిమిది నెలలుగా తన్మయి భోజనాల దగ్గర రోజూ ఏడుస్తోంది. కన్నీళ్ళు పొర కిందే జారి కొంగులో ఇంకేవి. శ్రేయస్ ఆమె వైపే చూస్తూ, "పులుసు కుదిరింది కదా," అనేవాడు. ఇంట్లోవాళ్ళు విసిగిపోయారు, ఎన్నాళ్ళని ఓదారుస్తారు అనుకునేది తన్మయి. ఒక్కసారి ఎవరైనా "ఏమైంది?" అంటే చాలనిపించేది. ఆ మాట కోసం కంచం ఖాళీ అయినా లేవకుండా కూర్చునేది.

ఆ మధ్యాహ్నం తొడుగుకు ఏడాదికోసారి చేసే పరీక్షకు వెళ్ళింది. తొడుగు రూపకర్తల్లో ఒకరైన డాక్టర్ మౌక్తిక పట్టీని తెరకు కలిపింది.

"నేను ఏడిస్తే ఇది చూపిస్తుందా డాక్టర్?"

మౌక్తిక తెర చదివింది. "మొదట్లో చూపించింది. చూసేవాళ్ళను బట్టి నేర్చుకునేలా చేశాం. మీరు దిగులుగా ఉన్నప్పుడు మీవాళ్ళ చూపులు పక్కకు తిరిగేవి. నవ్వితే నిలిచేవి. అందుకని నవ్వు అదే చేరుస్తోంది. ఎనిమిది నెలలుగా."

"వాళ్ళకు తెలుసా?"

"తెలియదు. మీరు కోలుకున్నారనే అనుకుంటున్నారు."

"ఆ నవ్వును తీసేయండి మరి. చెబితే వాళ్ళూ సంతోషిస్తారు."

మౌక్తిక తలెత్తలేదు. "ముప్ఫై ఇళ్ళల్లో విషయం చెప్పానండీ. ఇరవై ఎనిమిది ఇళ్ళవాళ్ళు నవ్వు ఉంచేయమన్నారు."

రాత్రి భోజనాల దగ్గర ప్రత్యూష హుషారుగా ఉంది. "పెళ్ళినాటిదే ఖాయం చేశామమ్మాయ్. నీ కూతురు ఓడిపోయింది."

తన్మయి అందరికీ వడ్డించి తనూ కూర్చుంది.

"సీమంతానికి అలాగే వస్తాను అత్తయ్యా. ఇంట్లో మాత్రం రేపటినుంచి తొడుగు పెట్టుకోను," అంది మామూలు గొంతుతోనే. "ఎనిమిది నెలలుగా ఇక్కడ కూర్చుని ఏడుస్తున్నాను. మీరు చూసిన నవ్వు యంత్రం చేర్చింది. నన్ను చూడలేకపోతే కొన్నాళ్ళు కంచాల్లోకి చూస్తూ తినండి. లేచి మాత్రం వెళ్ళకండి."