తలుపు తీసే ఉంది

"మీకు ఎలాంటి ప్రకంపనలూ తెలియవు" అన్నది నోటీసులో నాలుగో వాక్యం. అది చదివిన మరుక్షణం ఆమె, నోటీసు ఇవ్వడానికి వచ్చినవాడి చొక్కా చెయ్యి పట్టుకుని కొట్లోకి లాక్కెళ్ళింది.

అది కాటాలు బాగుచేసే కొట్టు. గోడల నిండా విప్పదీసిన స్ప్రింగ్ కాటాలు, మూలన బస్తాలు తూచే ఇనుప కాటా, కిటికీ పక్క బల్ల మీద గాజు పెట్టెలో బంగారం తూచే చిన్న త్రాసు. సందు మొదట్లో భూమి కింద రైల్వే స్టేషన్ కోసం గొయ్యి తవ్వడం మొదలై అప్పటికి వారమైంది.

"ముల్లు చూడండి" అంది ఆమె.

ఖాళీ త్రాసు. ముల్లు మాత్రం చలిజ్వరం వచ్చినట్టు వణుకుతోంది.

"తూచడానికి ఏమీ పెట్టలేదు కదండీ" అన్నాడతను, తలమీద హెల్మెట్ సర్దుకుంటూ.

"పెట్టలేదు. మీ స్టేషనే తూగుతోంది. ముల్లు నిలవకపోతే నేను కాటా సరిచూడలేను. సరిచూడకపోతే తూనికల అధికారి ముద్ర వెయ్యడు. పది గంటలకి తవ్వుతామని రాసి తొమ్మిదీ నలభైకి మొదలుపెట్టారు. ఈ కాగితంలో నిజం ఎక్కడుందో కాస్త వేలుపెట్టి చూపిస్తారా?"

అతను నిజంగానే కాగితం మొత్తం ఇంకోసారి చదివాడు. చదివి, తేదీ మాత్రం కరెక్టేనండీ అన్నాడు. ఆమెకు నవ్వొచ్చింది. నవ్వితే ఓడిపోయినట్టేనని మొహం ఇంకాస్త ముడుచుకుంది.

అతని ఉద్యోగం వినడానికి చాలా తేలిక. సందులో ముప్పై ఒక్క ఇళ్ళు. ఆ వారం ఏ పని జరుగుతుందో, ఎంత చప్పుడు వస్తుందో, ఏ దారి మూస్తారో ప్రతి సోమవారం ఇంటింటికీ వెళ్ళి చెప్పాలి. చెప్పాక రిజిస్టర్‌లో "వివరించారు, అర్థమైంది" అన్న చోట సంతకం తీసుకోవాలి. సంతకం పెట్టకపోతే అదే వారంలో ఇంకో రెండుసార్లు వెళ్ళి వివరించాలి. అప్పటికీ పెట్టకపోతే, ఎందుకు పెట్టలేదో చివరి కాలమ్‌లో రాయాలి. పై ఆఫీసు దానికి జవాబివ్వాలి. ఎవరి ఇంటి కింద నుంచి సొరంగం వెళ్తుందో వాళ్ళ విషయంలో మాత్రం, ఆ జవాబు రాకుండా తవ్వే మెషీన్ కదలకూడదు. ఇంట్లో ఎవరూ లేకపోతే "తలుపు వేసి ఉంది" అని రాసుకుని, తలుపు కింద నుంచి నోటీసు తోసేస్తే అతని బాధ్యత తీరిపోయినట్టే.

ఆమెది ఐదో నంబరు. సొరంగం సరిగ్గా దాని కింద నుంచే పోతుంది.

ఆమె సంతకం పెట్టలేదు. బుధవారం వచ్చాడు, పెట్టలేదు. శుక్రవారం వచ్చాడు, పెట్టలేదు. తను పట్టిన కుందేలుకు మూడే కాళ్ళనే రకం ఆమె. అతనేమో ఆ నాలుగో కాలు ఎక్కడుందో ఓపిగ్గా వెతికే రకం. రెండో వారానికల్లా సందులో అతనికి "నోటీసు బాబు" అని పేరు స్థిరపడింది. ఎదురింటి టీచరమ్మ అతను వచ్చే వేళకు కుర్చీ వరండాలోకి జరుపుకుని మరీ కూర్చునేది. పిల్లల పరీక్ష పేపర్లు దిద్దుకోవడానికి వెలుతురు బాగుంటుందట అక్కడ.

నాలుగో వారం నుంచి నోటీసులు మారాయి. "పది నుంచి" అని ఉండే చోట "తొమ్మిదీ నలభై నుంచి పదకొండూ పదిహేను దాకా, ఆ తర్వాత రెండున్నర వరకు చప్పుడు ఉండదు" అని రావడం మొదలైంది. ఆ మధ్యలో దొరికే మూడు గంటల్లో ఆమె త్రాసు ముల్లు నిలబడేది. కాటాలన్నీ ఆ వేళలోనే సరిచూసుకునేది. ఇది ఎవరు చేయించారో ఆమెకు తెలుసు. తెలిసినట్టు చెబితే బాగుండదని ఊరుకుంది.

ఏడో వారం జోరు వానలో వచ్చాడు. రిజిస్టర్‌ని ప్లాస్టిక్ కవర్లో చుట్టి చొక్కా లోపల దాచుకుని, తను మాత్రం నిలువునా తడిసి. పై అంతస్తు నుంచి నాన్న, ఎవరది అని కేకేశాడు. మోకాలి ఆపరేషన్ అయ్యాక ఆయన కిందికి దిగడం మానేశాడు. కుర్చీలో కూర్చుని కిటికీలోంచే సందును ఏలుతుంటాడు. సంతకం కోసమని ఆమె చెబితే, పుస్తకం కంటే మనిషి బాగా తడిసినట్టున్నాడు, ముందు తువ్వాలు ఇవ్వవే అన్నాడు.

తువ్వాలు ఇచ్చింది. అతను తల తుడుచుకుంటూ గొంతు సవరించుకుని, ఈ వారం గురువారం నాడు సిమెంటు లారీలు అని మొదలుపెట్టాడు. హెల్మెట్ లేకుండా అతన్ని చూడటం ఆమెకు అదే మొదటిసారి. జుట్టంతా నిక్కబొడుచుకుని ఉంది. సిమెంటు లారీల గురించి ఒక్క ముక్క వినబడలేదు.

"అర్థమైందాండీ?"

"లేదు. బుధవారం మళ్ళీ రండి" అంది. అబద్ధం కాదు కదా, నిజంగానే అర్థం కాలేదు.

పదమూడో వారం అతను మంచి కబురు తెచ్చాడు. సొరంగం మెషీన్ తమ ఇళ్ళ కింద నుంచి దాటే మూడు రోజులూ మొదటి ఐదు ఇళ్ళవాళ్ళకు ఆఫీసువాళ్ళే బయట గదులు చూపిస్తారు. ఆమె నాన్నకు మెట్లు లేని గది కావాలని తనే పట్టుబట్టి రాయించాడట. నేల అంతస్తులో, తలుపు పక్కనే బాత్రూమ్ ఉన్న గది. వెళ్ళి చూసి, మంచం ఎత్తు కూడా కొలిచి వచ్చాడు. మోకాళ్ళు మడవలేనివాళ్ళకి మంచం పొట్టిగా ఉంటే లేవడం కష్టం కదండీ అన్నాడు.

ఆమె పెన్ను తీసుకుంది. రిజిస్టర్ మీద చెయ్యి పెట్టింది. ఎందుకో మళ్ళీ పెన్ను కింద పెట్టేసి, బుధవారం రమ్మంది. వెళ్ళేటప్పుడు అతను నవ్వుతున్నాడని ఎదురింటి టీచరమ్మ తర్వాత సందంతా చెప్పింది.

పద్నాలుగో వారం సోమవారం అతను రాలేదు. మంగళవారం పొద్దున గోడ మీద ఒక నోటీసు అంటించి ఉంది. మెషీన్ తొమ్మిది రోజులు ముందుగా, అంటే ఈ శుక్రవారమే దాటుతుంది. ఎవరూ ఇళ్ళు ఖాళీ చెయ్యనక్కరలేదు. ఎలాంటి ప్రమాదమూ లేదు.

ఆమె రెండుసార్లు చదివింది. మెట్లు ఇరవై రెండు. నాన్న ఆపరేషన్ తర్వాత ఒక్కసారి కూడా వాటిని ఒంటరిగా దిగలేదు. గోడ బీటలిస్తే, పైకప్పు పెళ్ళ ఊడితే ఆయన్ని ఎలా కిందికి తేవాలి? మంచం ఎత్తు కొలిచి వచ్చానన్న మనిషి ఇలాంటి కాగితం అంటించి మొహం చాటేశాడు. కోపం కంటే ముందు ఏడుపొచ్చింది ఆమెకు. తర్వాత ఆ ఏడుపు మీదే కోపమొచ్చింది. నోటీసును గోడ మీంచి చించి, అది పట్టుకుని సైట్ ఆఫీసుకు నడిచింది.

ముందు గదిలో ఎవరూ లేరు. అద్దాల పార్టిషన్ వెనక నుంచి మాటలు వినబడుతున్నాయి. బల్ల మీద రిజిస్టర్ తెరిచి ఉంది.

ఐదో నంబరు వరుస చూసింది. పదమూడు వారాల చివరి కాలమ్ నిండా చిన్న అక్షరాలు. "పది అని రాసి తొమ్మిదీ నలభైకి మొదలుపెట్టేవాళ్ళ మాట నమ్మనన్నారు. చూశాను, నిజమే." "ప్రకంపనలు తెలియవన్నది అబద్ధమన్నారు. త్రాసు చూపించారు. అబద్ధమే." "తండ్రిగారు మెట్లు దిగలేరు. మెట్లు లేని గది కావాలి." "గది దొరికేదాకా అడుగుతూనే ఉంటానన్నారు. నేనూ అడుగుతాను." ఆమె అన్న ప్రతి మాటా, అన్నది అన్నట్టుగా. కొన్ని మాటలు తను ఎప్పుడన్నదో తనకే గుర్తులేదు.

లోపల మేనేజరు గొంతు వినబడింది. గదులు ఖాళీ లేవు, తేదీ మారదు, ఆ ఐదు ఇళ్ళకీ తలుపు వేసి ఉందని రాసి పంపించమంటున్నాడు. ఒక్క ముక్క రాస్తే పోయేదానికి రెండు రోజుల నుంచీ ఈ పేచీ ఏమిటంటున్నాడు.

"ఆ తలుపు తీసే ఉందండీ. పదమూడు వారాల్లో ఒక్కరోజు కూడా వేసి లేదు. లేనిది నేను రాయను."

"అయితే రేపటి నుంచి ఈ సందులోకి నువ్వు వెళ్ళక్కరలేదు. రాసేవాడు వేరే వస్తాడు."

అతను బయటికి వచ్చి ఆమెను చూశాడు. ఆమె చేతిలో చిరిగిన నోటీసు చూశాడు.

"అది నేను రాయలేదు" అన్నాడు.

"తెలుసు. ఇక్కడే నిలబడి ఉన్నాను."

"ఇప్పుడు నేనేం చెయ్యగలనో తెలియడం లేదు."

"మీరు చెయ్యాల్సింది చేశారు. ఇక నా వంతు" అంది. కొంగు నడుముకు దోపుకుని మళ్ళీ సందులోకి నడిచింది.

ఆ సాయంత్రం ముప్పై ఇళ్ళకూ తనే వెళ్ళింది. నోటీసు లేదు, రిజిస్టర్ లేదు. ఒక్కటే అడిగింది. రేపు ఎంత వానొచ్చినా తలుపు వెయ్యొద్దు.

బుధవారం పొద్దున మేనేజరు కొత్త కుర్రాణ్ణి పంపకుండా తనే స్వయంగా రిజిస్టర్ పట్టుకుని దిగాడు. వాన ఆగకుండా కురుస్తోంది. సందులో ముప్పై ఒక్క తలుపులూ బార్లా తెరిచి ఉన్నాయి. ప్రతి గడపలో ఒక కుర్చీ, ప్రతి కుర్చీలో ఒక మనిషి. జల్లు ఇళ్ళలోకి కొడుతోంది, ఎవరూ లేవలేదు. మొదటి ఇంటాయన వివరించమన్నాడు. వివరిస్తే అర్థం కాలేదన్నాడు. రెండో ఇంటావిడకూ అర్థం కాలేదు. ముప్పై ఏళ్ళు లెక్కలు చెప్పిన టీచరమ్మకు కూడా తొమ్మిది రోజుల లెక్క ఎంత చెప్పినా అర్థం కాలేదు. సాయంత్రం ఇంకోసారి రండి, శ్రద్ధగా వింటానంది.

ఐదో నంబరు గడపలో ఆమె లేదు. ఆమె నాన్న ఉన్నాడు. ఊతకర్ర కాళ్ళ మధ్య ఆనించుకుని, చెమటలు కక్కుతూ, సింహాసనం మీద రాజులా.

"ఇప్పుడే దిగానండీ" అన్నాడు మేనేజరుతో. "మా అమ్మాయి భుజం పట్టుకుని దిగితే పదకొండు నిమిషాలు పట్టింది. పైకప్పు ఊడితే మీ మెషీన్ నా కోసం పదకొండు నిమిషాలు ఆగుతుందా? ఆగుతుందని ఈ పుస్తకంలో రాసి మీరు సంతకం పెట్టండి. కింద నేనూ పెడతాను."

మేనేజరు పెన్ను తీశాడు, మూత పెట్టాడు, మళ్ళీ తీశాడు. వెనక్కి తిరిగి చూస్తే సందంతా అతని వైపే చూస్తోంది. వేసి ఉందని రాయడానికి ఒక్క తలుపు లేదు. గురువారం మధ్యాహ్నానికి గోడ మీద కొత్త నోటీసు పడింది. పాత తేదీయే ఖాయం, ఐదు ఇళ్ళకూ గదులు సిద్ధం. సందులో కొందరు చప్పట్లు కొట్టారు. నోటీసు బాబు మాత్రం రాలేదు.

మెషీన్ దాటిన రోజు ఆమె, నాన్న ఆ నేల అంతస్తు గదిలో ఉన్నారు. మంచం ఎత్తు సరిగ్గా ఉంది. పొద్దుటి నుంచి ఆమె ఇల్లు ఎలా ఉందోనని కూర్చోలేక నిలబడలేక తిరుగుతుంటే, మధ్యాహ్నం అతను వచ్చాడు. హెల్మెట్ లేదు, చేతిలో రిజిస్టర్ లేదు. మామూలు నీలం చొక్కా.

"పన్నెండుంపావుకి దాటింది. టీచరమ్మ దగ్గర మీ తాళం తీసుకుని ఇంట్లోకెళ్ళి చూసొచ్చాను. వంటింటి గోడ మీద వెంట్రుకంత గీత పడింది, అంతే. కొట్లో అన్నీ ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి."

"ఇది చెప్పడం ఇప్పుడు మీ పని కాదు కదా?"

"కాదు. సోమవారం నుంచి లైను ఆ చివర స్టేషన్‌లో వేశారు. కానీ మీకు ఇంకొకరు చెప్పడం నాకిష్టం లేదు."

ఆమె ఒక నిమిషం కిటికీ వైపు చూసింది. ఆమెకు కూడా భయం ఉంటుందని ఈ కథలో ఇప్పటిదాకా ఎవరికీ తెలియదు. అతని వైపు చూడకుండానే అడిగింది.

"అక్కడ సంతకం పెట్టనివాళ్ళు ఎవరైనా ఉన్నారా?"

"ఇంకా తెలియదు."

"ఉంటే నాకు చెప్పు. నేనొచ్చి వాళ్ళ చేత పెట్టిస్తాను." 'మీరు' ఎప్పుడు పోయిందో ఇద్దరూ గమనించలేదు. "విను. మొదటి మూడు వారాలు కోపంతో పెట్టలేదు. మిగతా పది వారాలూ, పెడితే నువ్వు బుధవారం రావని పెట్టలేదు."

అతను, ముప్పై ఒక్క ఇళ్ళున్న సందులో మొదటి నంబరు నుంచి కాకుండా ఐదో నంబరు నుంచి ఎందుకు మొదలుపెట్టేవాణ్ణో ఎప్పుడైనా ఆలోచించావా అని అడిగాడు.

ఆమె ఆలోచించలేదు. ఇప్పుడు ఆలోచించాక మొహమంతా ఎర్రబడింది. అది దాచుకోవడానికి గిర్రున మంచం వైపు తిరిగి, పేపరు చదువుతున్నట్టు నటిస్తున్న తండ్రి ముందు నిలబడింది.

"నాన్నా, నేను ఇతన్నే చేసుకుంటాను. అడగడం లేదు, తెలియజేస్తున్నాను."

ఆయన పేపరు దించలేదు.

"ఎదురింటి టీచరమ్మ వానాకాలం మొదట్లోనే చెప్పింది. మీ ఇద్దరికి తప్ప సందులో అందరికీ తెలుసు. అబ్బాయ్, ఆ కుర్చీ ఇటు లాక్కుని కూర్చో. మీ అమ్మానాన్నలకి ఎవరు చెబుతున్నారు, నువ్వా, మా అమ్మాయా? మా అమ్మాయైతే ముందుగా వాళ్ళకి ఒక నోటీసు పంపడం మంచిది."