ఆదివారం గారి అరవై ఒకటో మిక్స్

"ఇంకోసారి అనండి," అంది ఆ అమ్మాయి.

తలెత్తి చూశాను. కౌంటర్‌కి అవతల, ఒక చేతిలో తడిసిన గొడుగు, ఇంకో చేతిలో కాడ విరిగిన కళ్ళజోడు పట్టుకుని నిలబడి ఉంది. బయట వాన. మా ఓనరు గారు అప్పుడే తుడిపించిన నేలమీద ఆ గొడుగు నీళ్ళు తీరిగ్గా కారుతున్నాయి. ఆమె చూపు మాత్రం నా నోటి మీద ఉంది.

"ఏమని అనాలండీ?"

"ఇందాక అన్నారుగా, ఆ ఫ్రేమ్ పట్టుకుని."

నేను కళ్ళజోళ్ళ షాపులో లెన్సులు బిగిస్తాను. ఫ్రేమ్‌ని వేడి చేసి, అది సరిగ్గా మెత్తబడిన క్షణంలో లెన్సుని లోపలికి నొక్కాలి. తొందరపడితే ఫ్రేమ్ విరుగుతుంది. ఆలస్యమైతే బిగుసుకుపోతుంది. ఆ క్షణం కోసం కాచుకునేటప్పుడు నోట్లో ఏదో గొణుక్కుంటానని ఓనరు గారు ఎప్పుడూ విసుక్కుంటారు.

"'ఇప్పుడొద్దు... ఇప్పుడొద్దు... ఆ, ఇప్పుడు రా' అన్నారు," అందామె.

"అనే ఉంటానండీ. లెన్సైతే ఏమీ అనుకోలేదు."

ఆమె నవ్వలేదు. కౌంటర్ మీదికి వంగి, గొంతు తగ్గించి అడిగింది. "'ఆదివారం మధ్యాహ్నం' మీరేనా?"

నా చేతిలో ఫ్రేమ్ చల్లారిపోయింది.

ఆ పేరుతో నేను ఇంటర్నెట్‌లో మిక్సులు పెట్టేవాణ్ణి. నా గదిలో టేబుల్ మీద ఒక డీజే కంట్రోలర్ ఉంది. రెండు చక్రాలు, మధ్యలో ఒక జారే మీట. ఒక పాట అయిపోయేలోపు ఇంకో పాటని దాని అడుగులో అడుగు వేయించి, ఎక్కడ మారిందో తెలియకుండా మార్చాలి. నాలుగేళ్ళపాటు, కుదిరిన ఆదివారమల్లా, హెడ్‌ఫోన్స్ పెట్టుకుని అదే పని. అరవై మిక్సులు. వినేవాళ్ళు ముగ్గురు. అందులో ఒకరు మా అక్క. అదీ పెట్టి వదిలేస్తుంది, వినదు.

"మిమ్మల్ని ఎవరు పంపారండీ?" అన్నాను. నా గొంతు నాకే కరుగ్గా వినబడింది.

"ఎవరో పంపడమేమిటి? మీరు బతికే ఉన్నారన్నమాట!" ఆమె కళ్ళలో నీళ్ళు, మాటలో కోపం. "పద్నాలుగు ఆదివారాలండీ! నలభై మెసేజ్‌లు పెట్టాను. ఇక్కడ హాయిగా కళ్ళజోళ్ళు చేసుకుంటున్నారా?"

ఓనరు గారు పేపర్ దించి మమ్మల్ని చూశారు. ఎవరైనా చూస్తే నేను ఈ అమ్మాయిని మోసం చేసి పారిపోయాననే అనుకుంటారు.

నాకు మాత్రం ఒక్కటే తోచింది. ఆ పార్టీ వీడియో ఈమె కూడా చూసింది. ఆటపట్టించడానికి వచ్చింది.

ఆ పార్టీ సంగతి చెప్పాలి. అక్క స్నేహితురాలి పుట్టినరోజు. "మా తమ్ముడు డీజే," అని అక్క గొప్పలు పోయింది. నెలరోజులు తయారయ్యాను. మూడో పాట నడుస్తుండగా ఒక కుర్రాడు వచ్చి, "బ్రో, కాస్త జరుగు," అని నా వైరు పీకి తన ఫోన్ తగిలించాడు. హాలంతా గంతులు వేసింది. ఎవరూ తిట్టలేదు, ఎవరూ వెక్కిరించలేదు. తిట్టినా బాగుండేది. నేను ఆపేశానని అసలు ఎవరికీ తెలియలేదు. నా కంట్రోలర్ సంచీ అక్క కారులో ఉండిపోయింది, తాళం అక్క దగ్గరుంది, అక్క డాన్స్ చేస్తోంది. సంచీ లేని ఆ కంట్రోలర్‌ని ఒళ్ళో పెట్టుకుని రెండు గంటలు గోడవార కూర్చున్నాను. ఎవరో దాన్నీ వీడియో తీశారు.

ఆ తర్వాతి ఆదివారం ఒకసారి ప్రయత్నించాను. ఎంత ఇష్టపడి దాచుకున్న పాటలో అవి! ఒక్కటీ లోపలికి దిగలేదు. అన్నీ షాపులో లెన్సు అంచులు అరగదీసే మెషిన్ చప్పుడులాగే వినిపించాయి. అలవాటు కొద్దీ దాన్నీ ఇంటర్నెట్‌లో పెట్టేసి, ఫోన్లోంచి ఆ యాప్ తీసేసి, కంట్రోలర్ మీద పాత దుప్పటి కప్పాను. అదే అరవై ఒకటోది. అప్పట్నుంచి పొద్దున్నే లేస్తున్నాను, తింటున్నాను, లెన్సులు బిగిస్తున్నాను. అంతే.

"వీడియో చూసి వచ్చారు కదా?" అన్నాను.

"ఏ వీడియో? నేను మీ గొంతు విని గుర్తుపట్టాను."

"నా మిక్సుల్లో పాటలే ఉంటాయి. గొంతెక్కడిది?"

ఆమె నన్ను వింతగా చూసింది. "పాటల కింద మీరుంటారు కదండీ. మీకు తెలీదా?"

"ఏం తెలీదా?"

"ప్రతి పాట మారేముందు గొణుగుతారు. 'ఇప్పుడొద్దు, ఇప్పుడొద్దు' అని బతిమాలుతారు. మీ అమ్మగారు కూడా ఉంటారు. నలభై మూడో దాంట్లో, బట్టలు తీశావా వాన వస్తోంది అని అడుగుతారు. మీరు తీశానని అబద్ధం చెప్తారు."

ఆ బట్టలు ఆ రోజు నిజంగానే తడిశాయి.

"మరి చివరి దాంట్లో..." అని ఆగిపోయింది.

చివరి దాంట్లో ఏముందో నాకు తెలుసు. పాటలు ఆపాక హెడ్‌ఫోన్స్ తీసి, టేబుల్ మీద తల పెట్టుకుని ఏడ్చాను. చిన్నపిల్లాడిలా, వెక్కి వెక్కి. రికార్డింగ్ ఆపానా? లేదు.

"కళ్ళజోడు శుక్రవారానికి అవుతుంది," అని రసీదు ఆమె ముందుకు తోశాను. "ఇంకేమైనా ఉందా?"

ఆమె ముఖం చిన్నబోయింది. రసీదు తీసుకుని, "ఏమీ లేదండీ, ఆదివారం గారూ," అని వానలోకి వెళ్ళిపోయింది. గొడుగు తెరవడం కూడా మరిచిపోయింది.

ఇంటికి వెళ్ళగానే దుప్పటి లాగేశాను. కంట్రోలర్ వెనక నుంచి ఒక వైరు పుస్తకాల అర వెనక్కి పోతోంది. లాగితే మైకు వచ్చింది. అక్క ఎప్పుడో పాడతానని గోల చేస్తే తగిలించాను. పార్టీ నుంచి వచ్చాక మిగతా వైర్లతో పాటు దాన్నీ అలవాటుగా తగిలించేసి ఉంటాను. తర్వాత ఆ మైకు శబ్దం పెంచి తగ్గించే మీట ఊడిపోయింది. ఊడిపోయిన మీట సున్నా దగ్గర ఉందో పది దగ్గర ఉందో ఎవరు చూడొచ్చారు? మైకు శబ్దం నా హెడ్‌ఫోన్స్‌లోకి రాదు, రికార్డింగ్‌లోకి మాత్రం వెళ్తుంది. చేసిన మిక్సు మళ్ళీ వినే అలవాటు నాకు లేదు. తప్పులు వినాలంటే భయం.

అరవై ఒక్క ఆదివారాలు నా గది తలుపు బార్లా తెరిచి పెట్టుకుని కూర్చున్నానన్నమాట.

అన్నీ చెరిపేద్దామని కూర్చున్నాను. చెరిపేముందు ఒక్కటి వినాలనిపించి, పందొమ్మిదోది పెట్టాను.

ఆమె చెప్పినట్టే ఉంది. పాట కింద ఎక్కడో, బావిలోంచి వచ్చినట్టు, ఒక మనిషి గొంతు. "ఇప్పుడొద్దు... ఆగు తల్లీ, ఆగు... ఇప్పుడొద్దు... ఆ, ఇప్పుడు రా." రెండో పాట మొదటి పాటలోకి నీళ్ళలో నీళ్ళు కలిసినట్టు కలిసింది. అప్పుడు ఆ మనిషి నవ్వాడు. ఒక్కడే, గదిలో, ఎవరూ వినరని తెలిసీ, పట్టలేనంత ఆనందంతో నవ్వాడు.

ఆ నవ్వు ఎవరిదో కాసేపు గుర్తుపట్టలేకపోయాను. గుర్తుపట్టాక పాట ఆపేశాను. ఇతను ఎక్కడికి పోయాడు? ఎవరు చంపేశారు ఇతన్ని? వైరు పీకిన కుర్రాడా? వాడికి నా పేరు కూడా తెలియదే!

"ఏంట్రా, చీకట్లో కూర్చున్నావు?" అమ్మ లైటు వేసింది. నా ముఖం చూసి, లైటు ఆర్పేసి, పక్కన కూర్చుంది.

"నేను నవ్వేవాణ్ణామ్మా?"

"నవ్వడమా! ఆదివారం వస్తే గదిలో ఒక్కడివే ఇకిలించేవాడివి. పిల్లాడికి పిచ్చెక్కిందేమోనని మీ అక్కకి ఫోన్ చేసి ఏడ్చాను కూడా." నా తల నిమురుతూ మెల్లగా అంది. "ఇప్పుడు ఆ పిచ్చే నయమనిపిస్తోందిరా."

ఆ రాత్రి ఏదీ చెరపలేదు. యాప్ మళ్ళీ పెట్టుకుని మెసేజ్‌లు తెరిచాను. నలభై. మొదటిది: 'ఈ వారం రాలేదేంటండీ?' చివరిది: 'మీరు మళ్ళీ ఏమీ పెట్టకపోయినా పర్వాలేదు. తిన్నానని ఒక్క మాట చెప్పండి చాలు.'

శుక్రవారం ఆమె రాలేదు. శనివారమూ రాలేదు. వాన చప్పుడైనప్పుడల్లా తలుపు వైపు చూశాను. రెండు ఫ్రేములు విరగ్గొట్టాను. తయారైన కళ్ళజోడు డబ్బాలో నన్నే చూస్తూ కూర్చుంది. అలా కసిరి పంపినవాడి దగ్గరికి ఎవరైనా ఎందుకు వస్తారు?

"మన దగ్గరున్న రసీదు కాపీ మీద అడ్రస్ ఉంటుంది," అన్నారు ఓనరు గారు, పేపర్లోంచి తల తీయకుండానే. "రెండు ఫ్రేములతో పోయింది. మూడోది విరిగేలోపు వెళ్ళు."

అడ్రస్ ఒక ఫిజియోథెరపీ క్లినిక్‌ది. ఆదివారం పొద్దున వెళ్ళాను. ఎందుకో తెలియదు, కంట్రోలర్ సంచీ కూడా భుజానికి తగిలించుకున్నాను. మెట్ల దగ్గర రెండుసార్లు వెనక్కి తిరిగాను.

పెద్ద హాలు. మధ్యలో పట్టుకుని నడవడానికి రెండు పొడవాటి కమ్మీలు. గోడవార ఏడెనిమిది మంది. ఒకరికి చెయ్యి రాదు, ఒకరికి కాలు. కమ్మీల మధ్య ఒక పెద్దాయన, పక్షవాతం వచ్చి లేచిన మనిషి. ఆయన నడుము పట్టుకుని ఆమె. అంటే ఈమె ఫిజియో. కళ్ళజోడు ఆ పెద్దాయనదే అయ్యుంటుంది.

స్పీకర్లో ఏదో పాట అయిపోయింది. తర్వాతి పాట మొదలయ్యేలోపు రెండు క్షణాలు నిశ్శబ్దం. ఆ రెండు క్షణాల్లో పెద్దాయన కాలు గాల్లోనే ఆగింది, ఒళ్ళు తూలింది. ఆమె గట్టిగా పట్టుకుంది.

"చూశారా?" అంది, నన్ను చూడకుండానే. నేను వచ్చింది ఎప్పుడు చూసిందో! "పాట ఆగితే వీళ్ళ కాలు ఆగిపోతుంది. మళ్ళీ మొదలుపెట్టాలంటే గండం. మీ మిక్సుల్లో పాట ఆగదు. అందుకే రెండేళ్ళుగా అవే వాడుతున్నాం. అరవై మిక్సులూ వీళ్ళకి కంఠతా వచ్చేశాయి. ఏ మలుపు ఎప్పుడో ముందే తెలిసిపోయి కాళ్ళు బద్ధకిస్తున్నాయి. కొత్తవి కావాలి. అంతే. మిమ్మల్ని ఇబ్బంది పెట్టాలని కాదు."

"ఎవరమ్మా?" అన్నారు పెద్దాయన, కళ్ళు చికిలిస్తూ.

నేను కళ్ళజోడు తీసి ఆయన ముక్కు మీద పెట్టాను. "కాడ సరిపోయిందా తాతగారూ?"

నా గొంతు విని ఆయన అదిరిపడ్డారు. "ఇప్పుడు రా గాడు!" అని అరిచారు. "వీడేనమ్మా! ముప్ఫై ఏళ్ళు బస్సు నడిపాను, కండక్టరు విజిలు వినందే బండి కదిలేది కాదు. ఇప్పుడు నువ్వు 'ఇప్పుడు రా' అంటేనే నా కాలు కదులుతోందయ్యా. ఏమైపోయావు? ఎవడైనా ఏమన్నా అన్నాడా?"

ఎవరూ ఏమీ అనలేదని, అదే నా బాధని, ఈయనకి ఎలా చెప్పను?

కంట్రోలర్ తీసి బల్ల మీద పెట్టాను. దాన్ని స్పీకర్‌కి కలిపాను. మొదటి మార్పు దారుణంగా తప్పింది. రెండు పాటలు ఎదురెదురు బస్సుల్లా ఢీకొన్నాయి. పెద్దాయన తూలారు. పార్టీ గుర్తొచ్చింది. ఆపేసి పారిపోవాలనిపించింది.

"ఆపకండి," అంది ఆమె. "తప్పినా పర్వాలేదు. ఆపకండి."

ఆపలేదు. రెండోది కాస్త తప్పింది. మూడోది దగ్గరకి వస్తుండగా నాకు తెలియకుండానే గొణిగాను. "ఇప్పుడొద్దు... ఇప్పుడొద్దు... ఆ, ఇప్పుడు రా." కలిసింది. పెద్దాయన కాలు ముందుకి పడింది, దాని వెనక ఇంకోటి. గోడవార కూర్చున్న వాళ్ళు రాని చేతులతోనే తాళం వేస్తున్నారు. ఎవరో నవ్వారు. చూస్తే నేనే.

అంతా నయమైపోయిందని కాదు. రేపు పొద్దున లేస్తే ఆ శూన్యం మళ్ళీ మంచం పక్కనే కూర్చుని ఉంటుందని తెలుసు. కానీ ఆదివారం ఒకటి ఉందని కూడా తెలుసు.

కమ్మీల ఆ చివర పెద్దాయన్ని కుర్చీలో కూర్చోబెట్టి ఆమె నిలబడింది. ఈ చివర నేను. నా ముందు మైకు. ఈసారి తెలిసే తగిలించాను.

"ఫిజియో గారూ," అన్నాను. హాలంతా మోగింది.

ఆమె కంగారుగా చెయ్యి ఊపింది. "మైకు ఆన్‌లో ఉందండీ!"

"తెలుసు. ఏడ్చింది ఎలాగూ విన్నారు. ఇది కూడా వినండి. మీరు తిన్నారా అని అడిగారు. పద్నాలుగు వారాలు ఏం తిన్నానో నాకు గుర్తులేదు. మీరు ఎదురుగా ఉంటే గుర్తుంటుందేమో అనిపిస్తోంది. అంటే... మీరంటే నాకు ఇష్టం. కానీ ఇలా అందరి ముందు... ఇప్పుడు కాకపోయినా..."

"ఇంకా ఎంతసేపయ్యా, ఇప్పుడొద్దు ఇప్పుడొద్దు అంటూ?" కుర్చీలోంచి కసిరారు పెద్దాయన. "రమ్మను!"

ఆమె తల దించుకుంది. చెవులు ఎర్రబడ్డాయి. కాలు మాత్రం తాళానికి కదులుతూనే ఉంది. పాట చివరికి వచ్చేస్తోంది. తర్వాతి పాటని మెల్లగా లోపలికి తోశాను. 'మీరు' అనే మాట ఎక్కడో జారిపోయింది.

"ఇప్పుడు రా," అన్నాను.

ఆమె కమ్మీ పట్టుకోకుండా, తాళం తప్పకుండా, హాలు ఆ చివర నుంచి ఈ చివరికి నడిచి వచ్చింది. పాట ఎక్కడా ఆగలేదు.